గోటి గాటు

మా తోట, ఆత్మకూరు
నవంబరు 15

లీలకు,

ఈ ఉత్తరం గంప అడుగున, కాగితం కింద పెడుతున్నాను. వెతుక్కోమని మా ఆయన జయకుమార్ చెప్పే ఉంటాడు. తోటలో ఫోనుకు సిగ్నలు అందదని నీకు తెలుసు. అందినా ఈ మాటలు ఫోనులో నా నోటికి రావు.

మీ నాన్న, మా గురుస్వామి పెదనాయన, పోయి పన్నెండు రోజులైంది. మట్టికి నేను రాలేకపోయాను. టమాటా నారు నాటడానికి కూలీలు వచ్చి ఉన్నారు, వదిలేస్తే మళ్లీ దొరకరని ఆగిపోయి, జయకుమార్‌ను ఒక్కణ్ణే పంపించాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. నారు ఎండిపోతే మళ్లీ పోసుకోవచ్చు. నంద్యాల హాస్టలుకు నెలకోసారి వచ్చి, ఆకులో ఉగ్గాని కట్టించుకొచ్చి, నీకెంత పెట్టేవాడో నాకూ అంతే పెట్టిన మనిషి మళ్లీ రాడు గదా.

ఇక్కడ చలి ముదిరింది. నల్లమల వైపు నుంచి మంచు దిగుతోంది, ఎనిమిదింటి దాకా పందిరి కనబడదు. మెంతికూర, ముల్లంగి, చిక్కుడు బాగా వచ్చాయి. సీజనుకు ముందే డబ్బు కట్టి వారం వారం గంప తీసుకునే ఇళ్లు ఈ ఏడు కర్నూలులో ముప్పై రెండయ్యాయి. మీ నాన్న పేరు మీద ఉన్న గంప ఆపాలా అని జయకుమార్ అడిగితే అత్త ఒప్పుకోలేదు. "ఆయప్ప పోతే బిడ్డ తినదా?" అంది. తనే ఏరి ఒక సొరకాయ పెట్టింది. మెడ దగ్గర గాటు చూడు.

మొదటి ఏడాది ఆ గాటు చూసి మీ నాన్న, ఎలుక కొరికిన కాయ పంపారని గంపను వెనక్కి పంపాడు, గుర్తుందా? మా విశ్వాసమ్మత్త బొటనవేలి గోటితో ప్రతి కాయనూ మెడ దగ్గర గిల్లి, ఆ రసం నాలుకకు రాసుకుని, చేదు లేదని తేలితేనే గంపలో పెడుతుందని నువ్వు చెప్పాక, గాటు లేని సొరకాయను ఆయన మళ్లీ ముట్టుకోలేదు. సొరకాయ చేదైతే విషమని మన తాతల నాటి నుంచి అందరికీ తెలిసిందే. ఆ గాటు ఉంటే మాత్రం మనం ఆలోచించం.

ఒక మాట అడగాలి. ఆ రోజు పొద్దున ఆయన ఏం తిన్నాడు? ఊరికే అడుగుతున్నాను.

నీ జ్యోతి


కర్నూలు
నవంబరు 22

జ్యోతీ,

గంప అందింది. ముల్లంగి పక్కింటి చౌడేశ్వరికి ఇచ్చాను. సొరకాయ ఎవరికీ ఇవ్వలేదు, వండలేదు. ఇకమీదట మా గంపలో సొరకాయ పెట్టొద్దు.

ఏం తిన్నాడని అడిగావు. ఏమీ తినలేదు. పొద్దున్నే తాగే గ్లాసుడు సొరకాయ రసమే, షుగరుకు మంచిదని ఆరేళ్లుగా తాగుతున్నదే. ఎనిమిదింటికి వాంతులు పట్టుకున్నాయి. పదకొండింటికి బీపీ పడిపోయింది. గుండె ఆగిందన్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి, షుగరు, పైగా మూడు రోజులుగా జ్వరం. ఇంకేం అడగాలో డాక్టరుకు తోచలేదు, నాకూ తోచలేదు.

ఇల్లు ఖాళీగా ఉందని అందరూ అంటున్నారు. ఖాళీగా ఉంటే బాగుండేది. ఎమ్మిగనూరులో నలభై ఏళ్లు గుంటమగ్గం తొక్కిన కాలు ఆయనది. మగ్గం వదిలి నా దగ్గరికొచ్చాక కూడా పీట మీద కూర్చుని రసం తాగుతూ కుడికాలితో నేలను తొక్కేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ చప్పుడు వస్తూనే ఉండేది. ఇప్పుడూ పొద్దున ఐదున్నరకు వినబడుతోంది. నేను వంటింట్లో నిలబడి వింటాను. అది ఆగేదాకా హాల్లోకి రాను. రోజూ ఒకే చోట, సగంలో ఆగిపోతుంది. ఆ రోజు కూడా గ్లాసు సగంలో ఉండగా కాలు ఆగింది.

బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, ఇవన్నీ రాస్తే నవ్వుతావు. నవ్వు. కానీ ఇంకెవరికి చెప్పుకోను?

మీ అత్త ఇప్పటికీ ప్రతి కాయనూ రుచి చూస్తోందా? నేనూ ఊరికే అడుగుతున్నాను.

శివలీల


మా తోట, ఆత్మకూరు
నవంబరు 29

లీలా,

చివర "శివలీల" అని సంతకం పెట్టావు. ఇరవై ఏళ్లలో నాకు ఎప్పుడూ అట్లా రాయలేదు. కోపమొస్తే తిట్టు, నాకేం కొత్తా?

అదేం ప్రశ్నే? అత్త రుచి చూడకుండా ఏ కాయైనా తోట దాటిందా ఇన్నేళ్లలో? తెల్లారకముందే లేచి, చెవుల మీదుగా దుప్పటి కట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ పందిరి కిందికి పోతుంది. వద్దంటే వినదు. మామ ఏసేపు పోయిన ఏడాది మంచం దిగని మనిషి, ఈ సొరకాయల కోసమే మళ్లీ లేచింది. ఆ విత్తనం ఆమె అత్త ఇచ్చింది. ఏటా ఒక కాయను తీగ మీదే ఎండబెట్టి, గింజలు బూడిదలో కలిపి దాస్తుంది. ఆమె నాలుక మీదనే ఈ తోట ఇన్నాళ్లూ నడిచింది. నాలుకకేం తక్కువ ఆమెకు?

చూడు, నేనూ గొంతు పెంచేశాను. నువ్వు దుఃఖంలో ఉన్నావని మరిచిపోయాను.

ఒకటి చెప్పనా వద్దా అని రెండు రోజులు ఆగాను. నీ ఉత్తరం నేను అత్తకు చదివి వినిపించలేదు. ఒట్టు. కానీ మంగళవారం పొద్దున మంచులోంచి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటూ అంది: "మూలరాయి మీద ఎవరో మొగమనిషి కూసోని కాలు ఆడిస్తాండాడు జ్యోతీ. నన్ను జూసినా లెయ్యల్యా." నేను పందిరి మూలకు పోయి చూశాను. ఎవరూ లేరు. రాయి మీద మంచు తడి అట్లనే ఉంది, ఎవరూ కూర్చున్న గుర్తు లేదు. మూడేళ్ల కిందట గంపల ఇళ్లవాళ్లంతా తోట చూడ్డానికి వచ్చినప్పుడు మీ నాన్న కూర్చున్నది ఆ రాయి మీదే. ముసలామెకు అది గుర్తుండి ఉంటుంది. అంతే అనుకుంటున్నాను.

చిక్కుడుకాయ, చుక్కకూర పంపాను. సొరకాయ పెట్టలేదు.

జ్యోతి


కర్నూలు
డిసెంబరు 6

జ్యోతీ,

రాయి సంగతి చదివాక ఆ ఉత్తరాన్ని దేవుడి గూట్లో పెట్టాను, చౌడమ్మ తల్లి పటం వెనక. బల్ల మీద ఉంచడానికి భయమేసింది.

ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. పోయిన నెల మిద్దె మీద ఆరేసిన ఒరుగులు గలగలమంటున్నాయి, ఈ రోజు డబ్బాకెత్తాను. కొంచెమే. మీ అత్తకు ఒరుగులంటే ఇష్టమని ఎప్పుడో అన్నావు.

క్రిస్మస్ ముందు ఆదివారాలు మీరంతా చర్చికి పోతారు కదా. అత్త కూడా వస్తుందా, మోకాళ్ల నొప్పులతో తోటలోనే ఉంటుందా? ఏ వేళకు తిరిగొస్తారు?

లీల


నంద్యాల, ఆసుపత్రి వరండా
డిసెంబరు 19

లీలా,

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి రెండయింది. అత్త మూలరాయి పక్కన పడి ఉంది. ఒకటే వాంతులు, ఒళ్లంతా చల్లబడింది. ఆటోలో నంద్యాలకు తెచ్చాం. ఐదు రోజులుగా సెలైను ఎక్కిస్తున్నారు. నిన్నటి నుంచి మాట్లాడుతోంది. పడని తిండి ఏదో తిందన్నారు.

ఆమె ఒకటే మాట చెబుతోంది. "గురుస్వామి బిడ్డ వచ్చె. ఒరుగులు దెచ్చె. నా పక్కన కూసునె." జ్వరంలో పలవరిస్తోందని జయకుమార్ అంటున్నాడు. నేనూ అదే అన్నాను. నువ్వు చెప్పకుండా మా ఇంటికి వస్తావా? నేను లేని పూట చూసి వచ్చి, నా కోసం ఆగకుండా పోతావా? కానీ నీ పోయిన ఉత్తరాన్ని మళ్లీ తీసి చదివాను. రెండుసార్లు చదివాను.

నిన్నేమీ అడగను. అడిగే ముందు నేను చెప్పాల్సింది ఒకటుంది. ఈ వరండాలో కూర్చుని కూడా చెప్పకపోతే నేను మనిషినే కాదు.

అత్తకు నాలుక లేదు లీలా. పోయిన చలికాలం వచ్చిన జ్వరంలో రుచి పోయింది, మళ్లీ రాలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. అక్టోబరులో చర్చి కోత పండుగకు సాంబారు ఆమే చేసింది. ఎవరూ నోట పెట్టలేకపోయారు, అంత ఉప్పు. ఆమె మాత్రం మామూలుగా తిని చేయి కడుక్కుంది. మర్నాడు ఉప్పు వెయ్యకుండా సంగటి పెట్టాను. బాగుందంది. అప్పుడు నాకు తెలిసిపోయింది.

కాయల దగ్గరికి పోవద్దని ఆ రోజే చెప్పాల్సింది. ఆ పని తీసేస్తే మళ్లీ మంచం ఎక్కుతుందని భయపడ్డాను. పైగా ముప్పై రెండిళ్ల వాళ్లు ఆ గాటు చూసే కాయ తీసుకుంటారు. గాటు పెట్టనిచ్చి, ఆమె వెనకాలే పోయి నేను రుచి చూస్తూ వచ్చాను. రెండు వారాలు చూశాను. టమాటా నారు నాటే వారం మాత్రం చూడలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను. మీ నాన్న తాగిన కాయ ఆ వారందే.

కబురు విన్న గంట నుంచి కాయలన్నీ నేనే చూస్తున్నాను. ఇంతవరకు చేదు తగల్లేదు. అదే నా భయం, ఆ తీగ ఏదో, మళ్లీ ఎప్పుడు కాస్తుందో తెలియదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. మట్టికి రానిది కూలీల వల్ల కాదు. మీ నాన్న మొహం చూసే ధైర్యం లేక రాలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పు.

జ్యోతి


కర్నూలు
డిసెంబరు 21

జ్యోతీ,

వచ్చింది నేనే.

మొదటి నుంచి చెబుతాను. ఆ రోజు పొద్దున నాన్న సగం తాగి గ్లాసు దించాడు. "శేదుగా ఉండాది లీలమ్మా" అన్నాడు. నేను బడికి తయారవుతున్నాను. మిక్సీ పక్కన కాయ మెడ ముక్క ఉంటే తెచ్చి ఆయనకు చూపించాను. "ఇదో విశ్వాసమ్మవ్వ గాటు ఉండాది, సూడు. జరమొచ్చి నీ నోరే శేదైంది. తాగు నాయనా" అన్నాను. ఆయన గాటును చూశాడు. "అవ్వ గాటుంటే సరే" అని కళ్లు మూసుకుని మిగిలింది తాగేశాడు. కాలు తొక్కలేదు. నేను జడ వేసుకుంటున్నాను, జ్యోతీ. ఒక్క చుక్క వేలికి రాసుకుని నాలుకకు అద్దుకుంటే చాలు. ఎదురుగా ఉన్న తండ్రి నాలుకను నమ్మలేదు, డెబ్బై కిలోమీటర్ల అవతలి గోరును నమ్మాను.

దినాలు అయిపోయాక ఫ్రిజ్జులో మిగిలిన సగం కాయ కనబడింది. నాలుకకు పెట్టుకున్నాను. పొద్దు గూకేదాకా నోరు కడుగుతూనే ఉన్నాను. పారేయబుద్ధి కాలేదు. ముక్కలు కోసి మిద్దె మీద ఎండబెట్టాను. ఏం చేస్తానో అప్పుడు నాకూ తెలియదు. నీ నవంబరు ఉత్తరంలో "నాలుకకేం తక్కువ" అని చదివాకే ఆలోచన వచ్చింది. ఆ నాలుకను నా కళ్లతో చూడాలనుకున్నాను.

మీరంతా చర్చిలో ఉన్నప్పుడు వచ్చాను. అవ్వ నన్ను చూసి ఏడ్చింది, నా తల నిమిరింది, మా నాన్న కూర్చున్న రాయి చూపించింది. ఒరుగు ఒకటి చేతికిచ్చాను. నోట్లో వేసుకుని నానబెట్టి నమిలింది. ఎట్లుందని అడిగాను. "శానా బాగుండాది తల్లీ, తియ్యగుండాది" అంది.

నిజమా కాదా అని నేనూ ఒక ముక్క కొసన కొరికి వెంటనే ఉమ్మేశాను. అవ్వ నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. నా ఒళ్లోంచి పొట్లం తీసుకుని, ఒక్కొక్కటే నోట్లో వేసుకుని, అన్నీ తినేసింది.

నేను ఆపలేదు. ఆపగలిగేదాన్నే. చేయి పట్టుకుంటే ఆగిపోయేంత ముసలిది. మా నాన్న కూడా ఇట్లనే కళ్లు మూసుకుని తాగాడనుకుంటూ కూర్చున్నాను. తర్వాత భయమేసి పరిగెత్తి రోడ్డెక్కాను, బస్సొస్తే ఎక్కేశాను. నీళ్లు కూడా ఇవ్వలేదు.

పోలీసులకు చెబుతావో, మీ ఆయనకు చెబుతావో నీ ఇష్టం. ఆమెకు ఎట్లుందో మాత్రం ఒక ముక్క రాయి.

లీల


మా తోట, ఆత్మకూరు
జనవరి 3

శివలీలకు,

బతికింది. ఇంటికి తెచ్చాం.

తిట్టాలని కూర్చున్నాను. మూడు కాగితాలు చించేశాను. ప్రతి తిట్టూ సగం దూరం పోయి వెనక్కి తిరిగి నాకే తగులుతోంది. అయినా ఒకటి అంటాను. నేను చేసింది తప్పు, పాపం, ఏదైనా అను. కానీ మీ నాన్న ఎదుట కూర్చుని ఆయన తాగుతుంటే నేను చూడలేదు. నువ్వు చూశావు. ఒక ముసలామె నోటి దాకా చేయి పోతుంటే చూస్తూ కూర్చున్నావు. హాస్టలులో నాకు టైఫాయిడ్ వస్తే వారం రోజులు నిద్రపోని లీల నువ్వేనా అని రోజూ అడుగుతున్నాను.

మా ఆయనకు చెప్పలేదు. అత్తకు దాచలేదు. నీ ఉత్తరం అంతా చదివాను. కళ్లు మూసుకుని వింది. "ఆ బిడ్డ మొగం జూసినబ్బుడే నాకు తెలిసె" అంది. తనకు రుచి లేదని నాకు తెలుసని కూడా ఆమెకు తెలుసట. ఇద్దరం ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ, ఆ పందిరి కింద తిరిగాం.

పందిరి మొత్తం పీకేద్దామన్నాను. అడ్డం పడింది. "తప్పు జేసింది ఒగ తీగ. అన్నిట్నీ సంపితే ఎట్ల?" అంది. అన్ని ఇళ్లకూ చీటీ రాసి పంపాను, గాటును నమ్మొద్దని, ఉన్న సొరకాయలు పారేయమని, ఈ చలికాలం ఇంక సొరకాయ రాదని, తప్పు మాదేనని. పదకొండు ఇళ్ల వాళ్లు మానుకున్నారు. న్యాయమే.

ఆమె మాత్రం రోజూ మంచులో పందిరి కిందికి పోతోంది. కొన్ని పొద్దులు వాంతి చేసుకుంటోంది, ఆసుపత్రి నీరసం ఇంకా పోలేదనుకుంటున్నాం. ఆ రాయి దగ్గర ఎవరితోనో మాట్లాడుతోందని కూలికొచ్చే గంగక్క భయపడి, ఆ వైపు కలుపు తీయడానికి పోవడం లేదు.

ఇకమీదట మీ ఇంటికి గంప రాదు.

ప్రేమజ్యోతి


కర్నూలు
జనవరి 10

జ్యోతీ,

నువ్వు అడిగినదానికి జవాబు, అవును, ఆ లీలను నేనే. అదే నాకు భయంగా ఉంది.

శనివారం పొద్దున గంప వచ్చే వేళకు తలుపు తీసి పెట్టాను. రాదని తెలిసే తీశాను. ఇప్పుడు కాలి చప్పుడు ఒక్కటే కాదు. అది ఆగాక హాల్లో ఎవరో నములుతున్న చప్పుడు వస్తుంది, ఎండినదేదో మెల్లగా నములుతున్నట్టు. ఆమె బతికే ఉంది కదా, నా ఇంట్లోకి ఎట్లా వచ్చింది?

నా మీద కోపం పోగొట్టుకోవద్దు. కానీ అవ్వను ఆ పందిరి కిందికి పోనివ్వొద్దు.

లీల


మా తోట, ఆత్మకూరు
ఫిబ్రవరి 7

లీలా,

అత్త పోయింది. జనవరి ఇరవై. నీకు కబురు పంపలేదు. పంపకూడదనే పంపలేదు.

ముందు రోజు పొద్దున పందిరి కిందే పడిపోయింది. మళ్లీ అవే వాంతులు, ఈసారి నెత్తురు కూడా. ఆటో ఎక్కనంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక నా చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "గాటు ల్యానిది పీకెయ్ జ్యోతీ" అంది. ప్రాణం పోయే వేళ ఏదో అంటోందనుకున్నాను. మామ పక్కనే మట్టిచేశాం.

ఆ తర్వాత పన్నెండు రోజులు నేను పందిరి వైపు పోలేదు. పదమూడో రోజు పోయాను, అంతా కోసి పారేద్దామని కొడవలి తీసుకునే పోయాను. తలెత్తి చూశాను, లీలా. వేలాడుతున్న ప్రతి కాయ మెడ మీదా గాటు. కోశాక పెట్టే గాటు కాదు, పిందె మీద పెట్టింది. పిందె మీద గిల్లితే కాయతో పాటు గాటు కూడా పెరుగుతుంది. గోరంత నెలవంక నా అరచేతి వెడల్పు అయి, అంచులు గోధుమరంగుకు తిరిగి ఉంది. మనిషి మట్టిలో ఉంది, ఆమె గోటి గాటు మాత్రం పందిరంతా పెరుగుతోంది. నేను కొడవలి పారేసి ఇంట్లోకి పరిగెత్తాను.

గంగక్క అప్పుడు చెప్పింది. జనవరిలో పడిపోయేదాకా అత్త రోజుకో తీగ దగ్గర నిలబడి, దాని పిందె ఒకటి తెంపి పచ్చిదే సగం తినేదట. తిని, మూలరాయి మీద కూర్చుని చాలాసేపు ఎదురుచూసేదట. ఎందుకవ్వా అంటే, "నాలిక సచ్చింది, కడుపు సావల్యా గదా" అందట. కడుపు కదలకపోతే మర్నాడు ఆ తీగ పిందెలన్నిటికీ గాటు పెట్టి, తర్వాతి తీగకు పోయేదట. గంగక్క నాకు ముందే చెప్పి ఉంటే అని ఏడుస్తోంది. ముందే చెప్పని వాళ్లం తోటలో ఎంతమందిమని ఆమెనేం అనను?

మళ్లీ పోయాను. తీగ తీగా చూసుకుంటూ పోయాను. మూలరాయి మీద నుంచి పైకి పాకిన తీగకు ఐదు కాయలున్నాయి. ఒక్కదానికీ గాటు లేదు. ఒకటి కోసి నాలుకకు అద్దుకున్నాను. మీ నాన్న ఏం తాగాడో, నువ్వు ఏం తిని ఉమ్మేశావో, మా అత్త ఏం తిన్నదో అప్పుడు నాకు తెలిసింది. వేళ్లతో సహా పీకి కాల్చేశాను. మిగతా తీగల కాయలన్నీ ఒక్కొక్కటే కోసి రుచి చూశాను. చేదు ఒక్కటి కూడా లేదు.

నిన్ను క్షమించానా అని నన్ను అడగొద్దు, నేనూ నిన్ను అడగను. నీ ఒరుగులు తినకపోయినా ఆమె ఈ పని చేసేదేమో. చేసేది కాదేమో. ఇది నీకూ నాకూ చచ్చేదాకా తేలదు. ఇంత దూరంలో విడివిడిగా కూర్చుని భయపడలేను. అందుకే గంప పంపుతున్నాను.

అందులో ఒక సొరకాయ ఉంది. గాటు అత్తదే, ఈసారి నిజమైన గాటు. అయినా దాన్ని చూసి నమ్మొద్దు. కోసి, ముందు నీ నాలుక మీద పెట్టుకుని చూడు.

జ్యోతి


కర్నూలు
ఫిబ్రవరి 14

జ్యోతీ,

కాయను ఆరు రోజులు ముట్టుకోలేదు. ఈ పొద్దున కోశాను. నాలుక మీద పెట్టుకున్నాను. చేదు లేదు. చప్పగా, చల్లగా ఉంది. గట్టు మీద తల పెట్టి ఏడ్చాను.

రసం తీసి గ్లాసులో పోసుకున్నాను. ఐదున్నరకు కాలి చప్పుడు మొదలైంది. ఈసారి వంటింట్లో దాక్కోలేదు. పోయి నాన్న పీట ఎదురుగా కూర్చుని తాగాను. సగంలో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నా గ్లాసు ఖాళీ అయ్యేదాకా వినబడింది. తర్వాత ఎవరూ నమలలేదు.

మెడ వైపు సగం కాయను ఖాళీ గంపలో పెట్టి పంపుతున్నాను, నీ కోసం. అవ్వ గాటు పక్కన ఇంకొక చిన్న గాటు ఉంటుంది. అది నాది. నువ్వు కూడా రుచి చూసుకునే వండుకో.

లీల